చల్లబరిచిన పేజీలు

మార్చి 1, 2068

సముద్రపు నీటిలో ఉప్పు తీసి తాగునీరు చేసే ప్లాంటు, గట్టు కాలనీ. ట్యాంకు నిండుగా ఉంది. నీటిలో ఉప్పు పరిమితిలోనే ఉంది. వడపోత పొర కిందటేడే మార్చాల్సింది, మార్చలేదు. ఈ రిజిస్టరును ఆరేళ్లుగా ఏ అధికారీ తెరిచి చూడలేదు కనుక, పేజీలో మిగిలిన జాగా నా సొంతానికి వాడుకుంటున్నాను.

నా పేరు చింతాడ దమయంతి. మా ఆయన పోయాక ఆయన చేసే ప్లాంటు పని నాకిచ్చారు. పనితోపాటు తీర మండలి వారు ఒక ఫోనూ, చేతికి ఒక పట్టీ ఇచ్చారు. కాలనీలో రెండు వందల పన్నెండు ఇళ్లకూ ఇచ్చారు. పట్టీ మన బీపీ చూస్తుంది. ఫోన్లోని బ్రౌజరు ఆ బీపీని చూసి, మనం ఏ పేజీ ఎలా చదవాలో నిర్ణయిస్తుంది. దాని పేరు సుఖదర్శిని. నాకున్న బీపీకి లోకంలో చెడు అనేదే లేదు. హత్య జరిగితే నా ఫోన్లో 'ఒకరు ఊరు విడిచారు' అని వస్తుంది. అడుగున చిన్న అక్షరాలతో 'మీ మేలు కోరి ఈ పేజీని చల్లబరిచాం' అని ఉంటుంది.

కిందటి నెల మా పిన్ని పోయింది. వాళ్లబ్బాయి పెట్టిన కబురు నాకు 'అమ్మ విశ్రాంతి తీసుకుంటోంది' అని చల్లగా చేరింది. 'మంచి పని, బాగా తీసుకోమను' అని జవాబిచ్చాను. దినాలు అయిపోయాక తెలిసింది. ఆ తమ్ముడు ఇప్పటికీ నాతో మాట్లాడడు. నా బీపీ మాత్రం ఆ వారమంతా అద్భుతంగా ఉంది.

మార్చి 5

మోటారు నంబరు రెండు మూలుగుతోంది. నూనె వేశాను.

పొద్దున్న మండలి మనుషులు ముగ్గురు వచ్చి సముద్రపు గోడ మూడో భాగం వెంట, దాని వెనకున్న ఇళ్ల గోడల మీద, ఎర్ర రంగుతో అడ్డగీతలు కొట్టి వెళ్లారు. ఎందుకని అడిగితే ఫోన్లో చూసుకోమన్నారు. చూసుకున్నాను. 'గట్టు కాలనీకి శుభవార్త. త్వరలో మీకు కొత్త గాలి' అని ఉంది. సముద్రం పక్కన ఉన్నవాళ్లకు గాలి లోటని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

పక్కింట్లో మా వదిన ఉంటుంది. మా ఆయనకు అక్క, పేరు చిన్నమ్మడు. అరవై ఒకటి దాటింది, ఎండుచేపలు అమ్ముతుంది. చదువు రాదు, ఫోను ఆమెకు చదివి వినిపిస్తుంది.

"ఏటే దమయంతీ, నా ఫోను సామాన్లు మోసే బళ్ల మీద రాయితీ అంటంది," అంది. "నానెక్కడికెల్తానని దీనికి కల వచ్చింది?"

"నా దాంట్లో కొత్త గాలి అని ఉంది వదినా."

"ఒకటే నోటీసు కాదేటి?"

ఒకటే నోటీసు. ఆమె వ్యాపారం చేస్తుంది కనుక ఆమెకు రాయితీ, నేను రోగిష్టిదాన్ని కనుక నాకు గాలి. ఎదురింటి వాళ్లకు పెళ్లీడు పిల్ల ఉంది, వాళ్లకు 'విశాలమైన కల్యాణ మండపం దగ్గర్లో నివాసం' అని వచ్చిందట. మధ్యాహ్నానికి కాలనీలో సగం మంది మిగతా సగాన్ని అబద్ధాలకోర్లంటున్నారు. ఎవరి ఫోను వాళ్లు ఎత్తి చూపిస్తూ.

మార్చి 6

ట్యాంకు మామూలే.

వదినా నేనూ ఢిల్లేశ్వరరావు దుకాణానికి వెళ్లాం. ఫోన్లు బాగుచేస్తాడు. నలభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ ఏదో ఒక ఫోను పొట్ట విప్పి ఉంటాడు. నోటీసు అసలు రూపం చూపించమన్నాను.

"సుఖదర్శినిలో సూడలేవక్కా," అన్నాడు. "వేరే బ్రౌజరు పెట్టుకోవాల. సట్టం ఒప్పుకుంటాది. ఎవులూ అడగరంతే."

చట్టం ఒప్పుకుంటుంది, నిజమే. సెట్టింగుల్లో ఏడు తెరలు దాటితే 'ఇతర బ్రౌజర్లు' అనే మాట కనిపిస్తుంది. ఒక్కో తెరా ఒక్కో ప్రశ్న వేసింది. మీకిది నిజంగా అవసరమా. ఇంట్లో పెద్దలను సంప్రదించారా. మేమేమైనా తప్పు చేశామా. ఐదో తెర 'మీ బీపీ పెరగవచ్చు' అంది. ఆరో తెర 'పెరిగింది, చూశారా, 168' అంది. ఏడో తెర మీద ఏడుస్తున్న పసిపాప బొమ్మ. 'వదిలి వెళ్లకండి' అనే గుండీ అరచేయంత పెద్దది. 'వెళ్తాను' అనేది ఆవగింజంత. వదిన తన చిటికెనవేలి గోరుతో నొక్కి పెట్టింది. చేపల ముళ్లు తీసే చెయ్యి, గురి తప్పదు.

జాబితాలో పన్నెండు బ్రౌజర్లు ఉన్నాయి. ఎనిమిదింటిని తయారు చేసింది సుఖదర్శిని వారే. స్వేచ్ఛ అంటే అలా ఉండాలి.

మార్చి 8

నీరు నిన్నటికంటే కొంచెం ఉప్పగా ఉంది. పొర గురించి మళ్లీ రాశాను.

మిగిలిన నాలుగింటిలో మొదటిది 'మెరుపు'. లోకంలో అన్నిటికంటే వేగమైనదట. నిజమే, నోటీసు కంటి రెప్ప వేసేలోగా తెరుచుకుంది. ఐదు లైన్లు చూపించి ఆగి, 'మిగతాది మీకు తెలిసిందే' అంది. ఆ ఐదు లైన్లూ మండలి చిరునామా.

రెండోది 'శుభవేళ'. ఇది పంచాంగం ప్రకారం నడుస్తుంది. మేం తెరిచినప్పుడు రాహుకాలం. అయ్యేదాకా కూర్చున్నాం. తర్వాత వర్జ్యం వచ్చింది. వదినకు చేపలు ఎండలో వేసే వేళయింది, లేచి వెళ్లిపోయింది.

"దీన్ని నమ్ముకుంటే మూర్తం బాగున్నప్పుడే లేపేత్తారు మనల్ని," అంది వెళ్తూ.

లేపేయడం, అంటే ఇళ్లు ఖాళీ చేయించడం, అనే మాట మా గురించి ఈ రోజే మొదటిసారి విన్నాను. నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ తర్వాత అన్నం సరిగ్గా దిగలేదు. పట్టీ చిన్నగా మోగి, దీర్ఘంగా శ్వాస తీసుకోమంది.

మార్చి 11

మూడోది 'ముసుగు'. మనం ఎవరమో, ఎక్కడున్నామో ఎవరికీ తెలియనివ్వదట. తెరవగానే నన్నే గుర్తుపట్టలేదు. సరే, మండలి పేజీకి వెళ్లాను. నేను ఎక్కడో మంచు దేశంలో ఉన్నానని మండలివారికి చెప్పింది కాబోలు, వాళ్లు నన్ను యాత్రికురాలిగా లెక్కేసి మహా మర్యాద చేశారు. ఇంత మర్యాద గట్టు కాలనీ దమయంతికి ఎన్నడూ జరగలేదు.

పెద్ద బొమ్మ వచ్చింది. ఇసుక, కొబ్బరిచెట్లు, వరసగా తెల్లని కుటీరాలు. సముద్రపు గోడ మూడో భాగం ఉండాల్సిన చోట నీళ్లలోకి దిగే పాలరాతి మెట్లు. కింద ఇలా ఉంది: 'వచ్చే శీతాకాలం నుంచి. పూర్వం ఇక్కడ నివసించిన మత్స్యకారుల జ్ఞాపకార్థం కట్టిన ప్రదర్శనశాలను తప్పక చూడండి.'

ఆ ప్రదర్శనశాల బొమ్మలో ఉన్నది వదిన ఇల్లు. ఆ కిటికీ నాకు తెలుసు, దాని రెక్క మా ఆయన బిగించాడు.

వదినకు బొమ్మ చూపించి, రాసినది చదివి వినిపించాను. తను అడిగింది.

"పూర్వం అంటే ఎప్పుడే?"

"మనమే వదినా."

"బతికే ఉన్నాం గదేటి."

పట్టీ మోగి, నన్ను నీళ్లు తాగమంది.

మార్చి 14

మోటారు రెండు ఆగిపోయింది. ఒకటితో నడుపుతున్నాను.

నాలుగో బ్రౌజరు 'పలక'. ఎవరో పదవీ విరమణ చేసిన ఇంజినీర్లు కొందరు ఊరికే ఉండలేక తయారు చేశారట. పదకొండేళ్లుగా దాన్ని ముట్టుకున్నవారు లేరు. బొమ్మలు చూపించదు, రంగులు చూపించదు, గుండీలు చూపించదు. తెల్ల తెర మీద నల్ల అక్షరాలు, అంతే. అందుకే దాన్ని జాబితాలో అట్టడుగున, 'ప్రమాదకరం' అన్న ఎర్ర ముద్రతో పెట్టారు. అలాంటి ముద్ర ఉంది కనుక నేను ముందు దాన్నే తెరవాల్సింది. ఎనిమిది రోజులు పోగొట్టుకున్నాను.

నోటీసు పూర్తిగా వచ్చింది. ఢిల్లేశ్వరరావు బల్ల మీద ఫోను పెట్టి నేను పైకి చదివాను. సముద్రపు గోడ మూడో భాగాన్ని ఇక బాగుచేయరు. కాలనీని మెట్టవలస బ్లాకులకు, అంటే తీరానికి అరవై మైళ్ల దూరానికి, తరలిస్తారు. ఫిబ్రవరి 27 నుంచి ముప్పై రోజుల్లో అభ్యంతరాలు చెప్పకపోతే సమ్మతించినట్టే. ఇంతవరకు నోటీసు చూసిన ఇళ్లు రెండు వందల పన్నెండు. అభ్యంతరాలు సున్నా.

"అందరూ సూసినారంట," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "ఎవులికీ బాధ నేదంట."

వదిన లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. "అరవై మైళ్ల అవతల సేపలెవుడు పడతాడు? కొండల మీదేటి ఎండేసేది, రాళ్లా?"

మార్చి 19

నాలుగు రోజులుగా ఇల్లిల్లూ తిరిగాం. నేను పలకలో నోటీసు చదివాను, వదిన వివరించింది. వివరించడం అంటే తిట్టడం. చాలామంది నమ్మలేదు. తమ ఫోన్లో కల్యాణ మండపం ఉండగా మా ఫోన్లో మెట్టవలస ఎందుకుందని ఎదురింటాయన నిలదీశాడు. ముసుగులో కుటీరాల బొమ్మ చూపించాక, తన ఇంటి స్థానంలో ఈతకొలను ఉందని కనిపెట్టి మెత్తబడ్డాడు.

ఇక అభ్యంతరాలు పంపాలి. పలకలో గుండీలు లేవు కనుక పంపడం కుదరదు. మెరుపులో గుండీ ఉంది గానీ, మండలి పేజీ 'ఈ బ్రౌజరుకు మద్దతు లేదు, సుఖదర్శిని వాడి ఆనందించండి' అంది. ముసుగు నుంచి పంపితే, యాత్రికుల సలహాలకు ధన్యవాదాలు అని వచ్చింది. సరే, సుఖదర్శినితోనే పంపాం. చదవడానికి ఒకటి, పంపడానికి ఒకటి. నలభై ఆరు ఇళ్ల నుంచి నలభై ఆరు అభ్యంతరాలు. నాది రెండే ముక్కలు: మా ఇళ్లు వదిలి వెళ్లం, గోడ బాగుచేయండి. వదిన నోటితో చెప్పి పంపింది, దుకాణం ముందు జనం పోగయ్యేంత గట్టిగా.

ఇంటికి వచ్చాక ఎన్నో రోజులకు కడుపునిండా తిన్నాను.

మార్చి 21

మొన్నటి నా తృప్తిని ఇక్కడ రాయకుండా ఉండాల్సింది.

నమోదైన అభిప్రాయాలను మండలి పేజీలో అందరూ చూడవచ్చు. పలకలో తెరిచాను. నాది ఇలా నమోదైంది: 'మా ఇళ్లు వదిలి వెళ్లడానికి ఎదురుచూస్తున్నాం. గోడ బాగుంది.'

సుఖదర్శిని మనం చదివేవాటినే కాదు, రాసేవాటినీ చల్లబరుస్తుంది. అవతలివాడి బీపీ కూడా చూడాలి కదా, పాపం.

వదిన 'మీ తల్లి కడుపు కాల' అని మొదలుపెట్టింది. అది 'మీ తల్లిగారి జీర్ణశక్తి జాగ్రత్త' అని చేరింది. తర్వాతి నాలుగు నిమిషాల తిట్లు నాలుగు పేరాల ఆశీర్వచనంగా మారాయి. నలభై ఆరుకు నలభై ఆరూ కృతజ్ఞతలే.

దుకాణం బెంచీ మీద కూర్చుండిపోయాను. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాను కూడా. రిజిస్టరులో రాస్తున్నానంటే ఎవరూ చూడరని ధైర్యం. ఢిల్లేశ్వరరావు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి, నా ఫోను తీసుకుని నోటీసు మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చదివాడు. అట్టడుగున, ఎవరూ చేరుకోని చోట, ఒక వాక్యం దొరికింది.

"ఇరవై ఎనిమిదిన పదకొండు గంటలకి మండలి ఆఫీసులో విచారణంట అక్కా. మనుషులు నేరుగా వచ్చి సెప్పుకోవచ్చంట."

"నోటితోనా?" అన్నాను.

"నోటితోనే. దాన్ని ఏ బ్రౌజరూ సల్లబరసనేదు."

"మా వదిన నోటినా, ఎవరి తరమూ కాదు," అన్నాను. ముక్కు తుడుచుకుని లేచాను.

మార్చి 28

ప్లాంటు పగలంతా మూసి ఉంచాను. కారణం: విచారణకు వెళ్లడం. అనుమతి: అడగలేదు.

మూడు బస్సుల్లో నూట ఎనభై ఏడు మందిమి వెళ్లాం. ఆఫీసు గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల బ్యానరు: 'తరలి వెళ్తున్న గట్టు కాలనీ వాసులకు అభినందనలు.' బల్లల మీద లడ్డూలు. అధికారి ప్రసూన గారు ఎదురొచ్చి నమస్కారం పెట్టారు. ముప్పై అయిదేళ్లుంటాయి, ముఖంలో కల్మషం లేదు. అదే పెద్ద చిక్కు. కోప్పడదామని వచ్చినవాళ్లకు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీ అభిప్రాయాలన్నీ చదివానమ్మా," అన్నారావిడ. "కళ్లు చెమర్చాయి. ముఖ్యంగా చిన్నమ్మడు గారు ఎవరో, మా అమ్మ ఆరోగ్యం గురించి అడిగారు."

"నానే," అంది వదిన. "కడుపు కాలమన్నాను."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ప్రసూన గారు తన ఫోను వంకా వదిన వంకా మార్చి మార్చి చూశారు.

నేను ముందుకు వెళ్లాను. పట్టీ మోగడం మొదలుపెట్టింది, మోగనిచ్చాను. "అమ్మా, ఈ నోటీసు మీద సంతకం మీదే. ఇందులో ఏముందో ఒకసారి దీంట్లో చదవండి," అని పలక తెరిచి నా ఫోను ఇచ్చాను.

నిలబడే చదివారు. తన సంతకం దగ్గరకు వచ్చాక కూర్చున్నారు. "నా ఫోన్లో ఇది రోజువారీ ఫైలు అని ఉంది. మరమ్మతుల వాయిదా అని ఉంది," అన్నారు మెల్లగా. "నాకూ బీపీ ఉందండి."

ముసుగులో కుటీరాలు చూపించాను. జ్ఞాపకార్థ ప్రదర్శనశాల దగ్గర వదినను పిలిచి, "ఇదిగో, ఈవిడ జ్ఞాపకార్థమే," అన్నాను. అక్కడితో ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను. ఆ మూడో భాగానికి రాళ్లు మోసినవాళ్లలో మా ఆయన ఒకడనీ, ఇంటికొచ్చాక భుజాల మీద ఆముదం రాస్తే రాతి గరుకు నా చేతికి తగిలేదనీ చెప్పాను. ఆ గోడ కూలితే కూలుతుంది, అది సముద్రం పని, కూల్చేవాళ్లు మాత్రం మా ముఖం చూసి చెప్పాలి అన్నాను. అప్పుడు ఆవిడ పట్టీ కూడా మోగింది. ఇద్దరం ఎదురెదురుగా మోగుతూ నిలబడ్డాం.

ప్రసూన గారు పట్టీ విప్పి సొరుగులో పెట్టి, "కాగితం తెండి," అన్నారు.

ఆ ఆఫీసులో కాగితం దొరకడానికి నలభై నిమిషాలు పట్టింది. చివరికి లడ్డూల పెట్టెల అట్టలు చించి, వెనకవైపు రాశారు. సాయంత్రం అయిదింటి వరకు ఆవిడే కూర్చుని, ఒక్కొక్కరు చెప్పింది చెప్పినట్టు. వదిన దగ్గరకు వచ్చేసరికి "ఈ మాట కూడా రాయాలా అమ్మా?" అని అడిగారు. "అదే ముందు రాయాల," అంది వదిన.

నూట ఎనభై ఏడు అభ్యంతరాలు. నెయ్యి మరకలతో.

ఏప్రిల్ 16

కొత్త పొర వచ్చింది. నమ్మలేక రెండుసార్లు లెక్కపెట్టాను, ఒకటే.

ఉత్తర్వు కూడా వచ్చింది, అట్ట మీద కాదు, కాగితం మీదే. తరలింపు రద్దు. కుటీరాల ఆలోచన 'మరింత అనువైన తీరానికి' మార్చారు. ఏ తీరమో రాయలేదు. అక్కడివాళ్లకు కొత్త గాలి గురించి శుభవార్త ఈపాటికి అంది ఉంటుంది. ఢిల్లేశ్వరరావు ఆ ఊరు ఏదో వెతుకుతున్నాడు, పలక పెట్టించాలని.

ప్రసూన గారిని ఆరోగ్యరీత్యా కొండల్లోకి బదిలీ చేశారు. మెట్టవలసకు. బ్లాకులు ఖాళీగా ఉన్నాయి కదా మరి, ఎవరో ఒకరు ఉండాలి. నేను ఉత్తరం రాశాను, చేత్తో.

కాలనీలో ఇప్పుడు నూట ముప్పై ఇళ్లలో పలక ఉంది. ఉండేది, అనాలి. వారం తిరక్కుండానే సగం మంది సుఖదర్శినికి తిరిగి వెళ్లారు. ఎదురింటాయనైతే నాతో నేరుగానే అన్నాడు: అన్నీ తెలుస్తుంటే నిద్ర పట్టడం లేదమ్మా, నెలకొకసారి నువ్వు చదివి ముఖ్యమైనవి చెప్పు చాలు అని. అంటే ఆయనకు నేను బ్రౌజర్ని.

ఏప్రిల్ 20

నీరు తియ్యగా ఉంది.

గోడ మూడో భాగం గురించి ఇంజినీర్ల నివేదిక పలకలో దొరికింది. ముప్పై ఒక్క పేజీలు. వదిన అరుగు మీద కూర్చుని పైకి చదివాను. మొదట ఇరవై మంది చేరారు, పదో పేజీకి ఎనిమిది మంది మిగిలారు. మండలి మాకు అబద్ధాలు చెప్పిన మాట నిజమే గానీ, గోడ పాడైన మాట కూడా నిజమే. పునాదిలోకి నీళ్లు దిగాయి. బాగుచేస్తే ఎన్నాళ్లో రాశారు, ఆ డబ్బు లేదనీ రాశారు. ఇప్పుడున్నట్టే ఉంటే మహా అయితే తొమ్మిదేళ్లు.

ఆ లైను దగ్గర ఆగాను. చదవకుండా పేజీ తిప్పేద్దామా అనిపించింది. వదిన వయసు, గుండె, ఒంటరితనం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆమె మేలు కోరి ఆ ఒక్క లైనూ కొంచెం చల్లబరిస్తే ఏం పోతుందనుకున్నాను. సరిగ్గా ఆ మాటలతోనే అనుకున్నాను.

"ఆగిపోనావేటి? సదువు."

చదివాను.

వదిన గోడ వైపు చూసింది. అలలు అవతలి నుంచి కొడుతున్నాయి. లెక్క వేస్తున్నట్టు వేళ్లు మడిచింది.

"తొమ్మిదేళ్లు," అంది. "అంటే నాకు డెబ్బై. అయితే ఇంటికి సున్నం ఏయించుకోవచ్చు. లేపేత్తారని ఈ ఏడు ఏయించనేదు."

"గోడ సంగతి వదినా?"

"దాని సంగతి రేపట్నించి సూద్దుం. రాళ్లు మొయ్యడం మా తమ్ముడికొక్కడికే తెలుసేటి? సున్నంలో రవ్వంత నీలం కలుపు, ఎండకి కళ్లు సెదరకుండా."

తన ఇంటి గోడ మీది ఎర్రగీతకు సున్నం మొదటి పూత తనే వేసింది. నేను బకెట్టు పట్టుకున్నాను.